టైగర్ మాత్: వెనక్కి వాలిన రెక్కల వెనుక లెక్క

2012 అక్టోబర్ 8న, భారత వైమానిక దళానికి ఎనభై ఏళ్లు నిండిన సందర్భంగా ఢిల్లీ దగ్గరి హిండన్ వైమానిక స్థావరంలో జరిగిన విన్యాసాల్లో జెట్ విమానాల సరసన ఒక చిన్న రెండు రెక్కల విమానం కూడా ఎగిరింది. దాన్ని చూసినవారికి సాధారణంగా వచ్చే మొదటి ఆలోచన, ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటిదని. తెరచి ఉన్న కాక్‌పిట్, రెక్కల మధ్య కర్రలు, తీగలు, చేత్తో తిప్పితే గానీ కదలని ప్రొపెల్లర్ చూస్తే అలా అనిపించడంలో తప్పులేదు. కానీ ఆ టైగర్ మాత్ రకం పుట్టింది 1931లో, అంటే మొదటి యుద్ధం ముగిసిన పదమూడేళ్లకు. 1940లో హరికేన్, స్పిట్‌ఫైర్ వంటి ఒంటి రెక్కల యుద్ధ విమానాలు నడిపిన యువకుల్లో చాలామంది తొలి పాఠాలు నేర్చుకున్నది దీని మీదనే. అంత పాత రూపం అంత కొత్త కాలంలో ఎందుకు నిలిచిందన్నది ఈ వ్యాసానికి మొదటి ప్రశ్న. దాని లోపాలు శిక్షణకు మేలు చేశాయా, కీడు చేశాయా అన్నది రెండోది. ఇది ఇంకా తెగని ప్రశ్న.

మాత్‌లు చాలా ఉన్నాయి, టైగర్ మాత్ వేరు

విమానానికి పై రెక్క, కింది రెక్క అని రెండు అంతస్తులుంటే దాన్ని బైప్లేన్ అంటారు. ఒకే అంతస్తు ఉంటే మోనోప్లేన్. శిక్షణ విమానమంటే గురువుకూ శిష్యుడికీ వేర్వేరు సీట్లు, ఇద్దరి ముందూ ఒకదానితో ఒకటి కలిపిన నియంత్రణలు ఉండేది. ఒకరు కర్ర కదిపితే రెండోవారి కర్ర కూడా కదులుతుంది.

బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ సంస్థ 1925లో డి.హెచ్.60 మాత్ అనే తేలికపాటి బైప్లేన్‌ను ఎగరేసింది. సంస్థాపకుడు జెఫ్రీ డి హావిలాండ్‌కు శలభాల మీద, అంటే దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగుల మీద, మక్కువ ఎక్కువ. రెక్కలు వెనక్కి మడిచి పాకలో పెట్టుకునే వీలున్న ఆ విమానానికి ఆయన శలభం పేరే పెట్టారు. తర్వాత జిప్సీ మాత్, పస్ మాత్, ఫాక్స్ మాత్ అంటూ పేర్లు వరసగా వచ్చాయి. జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి తపాలా సంచులతో వచ్చిన విమానం పస్ మాత్. దాన్ని టైగర్ మాత్‌గా పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు. పస్ మాత్ ఒంటి రెక్క విమానం, పైగా మూసిన క్యాబిన్ గలది.

టైగర్ మాత్ అంటే డి.హెచ్.82. 1931 అక్టోబర్ 26న లండన్ శివార్లలోని స్టాగ్ లేన్‌లో హ్యూబర్ట్ బ్రాడ్ దాన్ని మొదటిసారి గాలిలోకి లేపారు. మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా బ్రిటన్ వైమానిక దళ శిక్షణలోకి వచ్చేసింది. మొదట 120 హార్స్‌పవర్ ఇంజన్ ఉండేది. ఎక్కువ సంఖ్యలో తయారైన 82ఎ రకంలో 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ పెట్టారు. వెల్డు చేసిన ఉక్కు గొట్టాల ఒళ్లు, చెక్క రెక్కలు, పైన బిగించిన బట్ట. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాల్లో కలిపి ఎనిమిది వేల పైచిలుకు తయారయ్యాయి. యుద్ధకాలంలో అందులో పెద్ద వాటాను కౌలీలోని మోరిస్ కార్ల కర్మాగారం కట్టింది.

పారాచూట్ తెచ్చిన తంటా

ఈ విమానాన్ని పక్కనుంచి చూస్తే పై రెక్క మధ్యభాగం ముందుకు జరిగినట్టు, రెక్కల చివరలు వెనక్కి వాలినట్టు కనిపిస్తాయి. వేగం కోసం అలా వాల్చారనుకుంటే పొరపాటు. గంటకు 175 కిలోమీటర్లు దాటని విమానానికి ఆ అవసరమే లేదు. కారణం చాలా మామూలుది: ముందు కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి బయటికి దూకలేకపోవడం.

పాత మాత్‌లో పై రెక్క మధ్యభాగం సరిగ్గా ముందు కాక్‌పిట్ నెత్తి మీద ఉండేది. పెట్రోలు ట్యాంకు కూడా అందులోనే. పంపు అవసరం లేకుండా పెట్రోలు దాని బరువుతో అదే ఇంజన్‌లోకి దిగేది. ఆ మధ్యభాగాన్ని మోసే నాలుగు కర్రలు కాక్‌పిట్ చుట్టూ పందిరి గుంజల్లా నిలిచేవి. సరదాగా ఎగిరేవారికి అది ఇబ్బంది కాదు. మొదటి యుద్ధంలో బ్రిటిష్ విమాన చోదకులకు పారాచూట్లే ఇవ్వలేదు. 1920ల రెండో సగంలో అవి తప్పనిసరి సామగ్రి అయ్యాక, మడిచిన పారాచూట్‌ను సీటులో మెత్తలా వేసుకుని దాని మీదే కూర్చునే పద్ధతి వచ్చింది. దట్టమైన తోలు కోటుతో, నడుము కింద పారాచూట్ మూటతో, నెత్తిన పెట్రోలు ట్యాంకుతో, చుట్టూ కర్రలు, తీగలతో ఉన్న మనిషి తలకిందులవుతున్న విమానంలోంచి ఎలా బయటపడతాడు? ముందు సీటు గురువుది. తనకు చావు తప్పే దారి లేనప్పుడు శిష్యుడికి స్పిన్, అంటే గింగిరాలు తిరుగుతూ దిగే స్థితి, నేర్పమని గురువును అడగడం న్యాయం కాదు.

పరిష్కారంగా మధ్యభాగాన్ని ముందుకు జరిపారు. అక్కడే ఇంకో చిక్కు తలెత్తింది. రెక్క ముందుకు జరిగితే గాలి ఎత్తే బలం కూడా ముందుకు జరుగుతుంది, బరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కావడి బద్దను భుజం మీద నడిమిలో కాక ఒక పక్కకు జరిపి మోస్తే ఏమవుతుందో అదే అవుతుంది: ముక్కు పైకి లేవాలని, తోక దిగాలని చూస్తాయి. రెక్కల చివరలను వెనక్కి వాలిస్తే, మధ్యలో ముందుకు పోయిన బలం చివర్లలో వెనక్కి వచ్చి, సగటు మళ్లీ పాతచోటికి చేరుతుంది. ఈ పనంతా గీతపటాలు గీయకుండా, ఒక షెడ్డులో విమానాన్ని ముందు పెట్టుకుని జరుపుతూ చూసుకుంటూ చేశారని చెబుతారు. రెక్కలు వెనక్కి వాలేసరికి కింది రెక్కల కొసలు నేలకు దగ్గరయ్యాయి కాబట్టి, వాటిని కొంచెం పైకి ఎత్తాల్సి వచ్చింది. ఒక మనిషి దూకే దారి కోసం మొదలైన మార్పు ఇలా విమానం మొత్తం ఆకారాన్నే మార్చేసింది.

రెండంతస్తులు అప్పటికే పాతబడలేదా?

బైప్లేన్ బలం వంతెన బలం లాంటిది. రాజమండ్రి దగ్గర గోదావరి మీది రోడ్డు–రైలు వంతెనలో పై ఉక్కు దూలం, కింది దూలం, వాటిని కలిపే ఏటవాలు కమ్మీలు కనిపిస్తాయి. పై దూలానికీ కింది దూలానికీ ఎడం పెరిగేకొద్దీ ఒకే బరువును మోయడానికి ఒక్కో దూలం మీద పడే బలం తగ్గుతుంది. ఒంటి రెక్క లోపలి మందం 20 సెంటీమీటర్లనీ, జంట రెక్కల మధ్య ఎడం 140 సెంటీమీటర్లనీ అనుకుందాం. గాలి ఒత్తిడి వల్ల కలిగే వంపు రెండింటికీ సమానమైతే, జంట రెక్కల్లో పై, కింది భాగాల మీద పడే బలం ఏడో వంతు మాత్రమే ఉంటుంది. అందుకే సన్నని చెక్క, పలచని తీగలు సరిపోయేవి. విరిగితే పల్లెటూరి వడ్రంగి పనితనం ఉన్నవాడు కూడా అతకగలడు. రోజూ శిష్యులు నేలకేసి కొట్టే విమానానికి ఇది చిన్న సుగుణం కాదు.

అయితే ఆ కర్రలు, తీగలు గాలిని అడ్డగిస్తాయి. గాలి అడ్డు వేగం వర్గానికి, దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి తగినట్టు పెరుగుతాయి. ఉజ్జాయింపుగా చూస్తే, 130 హార్స్‌పవర్‌తో 175 కిలోమీటర్ల వేగం అందుకునే ఈ ఆకారాన్ని 350 కిలోమీటర్ల వేగంతో లాగాలంటే ఎనిమిది రెట్లు, అంటే 1,040 హార్స్‌పవర్ కావాలి. దాదాపు అంతే శక్తి గల ఇంజన్‌తో, మూడు రెట్లకు పైగా బరువున్న ఒంటి రెక్క హరికేన్ 500 కిలోమీటర్లు దాటింది. యుద్ధ విమానాలు బైప్లేన్‌ను ఎందుకు వదిలేశాయో ఈ ఒక్క పోలిక చెబుతుంది. శిక్షణ విమానాన్ని మాత్రం 350 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తమని ఎవరూ అడగలేదు.

ఒంటి రెక్క విమానం కట్టడం చేతకాక బైప్లేన్ కట్టారన్నదీ నిజం కాదు. అదే సంస్థ 1929లోనే పస్ మాత్ కట్టింది. అయితే 1930ల మొదట్లో పలు పస్ మాత్‌లు గాలిలోనే రెక్కలు విరిగి కూలాయి. ఒంటి రెక్క అప్పటికి పూర్తిగా అర్థమైన విద్య కాదు. సోవియట్ యూనియన్ యు–2, జర్మనీ బ్యూకర్ యుంగ్‌మాన్, అమెరికా స్టియర్‌మన్, బ్రిటన్‌లోనే ఆవ్రో ట్యూటర్: ఆ కాలపు శిక్షణ విమానాల్లో పేరున్నవన్నీ దాదాపు బైప్లేన్లే కావడం యాదృచ్ఛికం కాదు.

చెంప మీది గాలి చెప్పే పాఠం

ముందు సీటులో గురువు, వెనక సీటులో శిష్యుడు. ఒంటరిగా ఎగిరినా వెనక నుంచే నడపాలి. ముందు సీటు విమానం బరువు కేంద్రానికి దగ్గరగా ఉండటం వల్ల అది ఖాళీ అయినా తూకం పెద్దగా మారదు. ఇద్దరి మధ్యా మాటలకు రబ్బరు గొట్టమే ఆధారం. గురువు నోటి దగ్గర గరాటు, శిష్యుడి టోపీలో చెవుల దగ్గర గొట్టం కొసలు. 1917లో గోస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్–బారీ నడిపిన శిక్షణ పాఠశాల పేరు మీద దాన్ని గోస్‌పోర్ట్ ట్యూబ్ అన్నారు. అంతకుముందు గురువులు ప్రమాదకరమైన పరిస్థితుల జోలికి పోకుండా తప్పించుకునేవారు. స్మిత్–బారీ మాత్రం వాటిలోకి కావాలనే వెళ్లి బయటపడటం నేర్పాలన్నారు. తర్వాతి కాలపు ప్రాథమిక శిక్షణ అంతా ఆ పునాది మీద కట్టిందే.

ఎగరడానికి ముందు తతంగం కూడా పాఠమే. విమానానికి స్టార్టర్ లేదు. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఒకరు ప్రొపెల్లర్ ముందు నిలబడతారు. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోల స్విచ్చులు ఇంటి గోడ మీది దీపాల స్విచ్చుల్లా కాక్‌పిట్ బయటి అంచున ఉంటాయి. అవి కట్టేసి ఉన్నాయో లేదో ప్రొపెల్లర్ దగ్గరున్న మనిషి తన కళ్లతో చూసుకోవడానికే ఆ ఏర్పాటు. కార్బ్యురేటర్‌లోంచి పెట్రోలు చుక్కలుగా కారేదాకా నింపుతారు, స్విచ్చులు కట్టేసి ఉంచే ప్రొపెల్లర్‌ను కొన్ని చుట్లు తిప్పుతారు, తర్వాత ‘కాంటాక్ట్’ అన్న కేక, స్విచ్ పైకి, ఒక్క ఊపు, వెంటనే వెనక్కి అడుగు. బ్రేకులు లేవు. తోక కింద చక్రం బదులు ఒక ఇనప నాలుక గడ్డిని గీరుతూ విమానాన్ని ఆపుతుంది.

గాలిలో అసలు పాఠం మలుపుతో మొదలవుతుంది. ఎడమకు తిరగాలంటే కర్రను ఎడమకు నెట్టాలి. అప్పుడు కుడి రెక్క అంచున ఉన్న ఐలరాన్ అనే కదిలే పలక కిందికి వంగి ఆ రెక్కను లేపుతుంది. ఎక్కువ లేపే రెక్క గాలికి ఎక్కువ అడ్డుపడుతుంది కాబట్టి విమానం ముక్కు మొదట కుడికే, అంటే వద్దన్న వైపుకే, లాగుతుంది. దీన్ని తగ్గించడానికి కిందికి వంగే ఐలరాన్ చాలా కొద్దిగా మాత్రమే కదిలేట్టు అమర్చారు, అయినా పూర్తిగా పోలేదు. తోక మీది నిలువు పలక అయిన రడ్డర్‌ను తిప్పే ఎడమ పెడల్‌ను పాదంతో సరిపడా నొక్కితేనే మలుపు శుభ్రంగా వస్తుంది. నొక్కింది తక్కువైతే విమానం లోపలి వైపుకు జారుతుంది, శిష్యుడి ఎడమ చెంపకు చల్లగాలి తగులుతుంది. ఎక్కువైతే కుడి చెంపకు. మూసిన క్యాబిన్‌లో పరికరం చూసి తెలుసుకునే సంగతి ఇక్కడ ఒంటికే తెలిసిపోతుంది.

బేగంపేట ఎండలో ఒక లెక్క

యుద్ధకాలంలో భారతదేశంలో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాలల్లో మొదటిది హైదరాబాద్ బేగంపేటలో, రెండోది జోధ్‌పూర్‌లో నడిచాయి. బేగంపేటలో టైగర్ మాత్ మీద గట్టెక్కినవారు తర్వాతి దశకు అంబాలా వెళ్లేవారు. ఇంగ్లండ్ చల్లగాలికి తయారైన ఈ విమానం దక్కను వేసవిలో ఎలా ప్రవర్తించి ఉంటుందో మన చేతులతోనే లెక్క కట్టవచ్చు.

పూర్తి బరువు 828 కిలోలు, రెక్కల వైశాల్యం సుమారు 22.2 చదరపు మీటర్లు. అంటే ఒక్కో చదరపు మీటరు మోసేది 37 కిలోలు. హరికేన్‌లో ఇది 125 దాకా ఉండేది. రెక్క ఎత్తగల శక్తిని చెప్పే గుణకం గరిష్ఠంగా 1.4 అనుకుంటే, సముద్రమట్టంలో గాలి ప్రామాణిక సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు ఉన్నప్పుడు, రెక్కలు విమానాన్ని మోయలేక వదిలేసే వేగం, అంటే స్టాల్ వేగం, గంటకు 74 కిలోమీటర్లు వస్తుంది. ఊరి రోడ్డు మీద మోటారు సైకిల్ వేగమిది.

ఇప్పుడు బేగంపేటకు వద్దాం. ఎత్తు 531 మీటర్లు, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు. గాలి సాంద్రత సుమారు 1.06కు పడిపోతుంది. ప్రామాణిక వాతావరణంలో అంత పలచని గాలి 1,500 మీటర్ల ఎత్తున దొరుకుతుంది. కాబట్టి విమానం నేల మీద ఉండగానే కొండ మీద ఉన్నట్టు లెక్క. స్టాల్ వేగం దాదాపు 80కి పెరుగుతుంది. వేగసూచిక కూడా పలచని గాలినే కొలుస్తుంది కనుక ముల్లు మాత్రం పాత 74 దగ్గరే చూపిస్తుంది. నేల మాత్రం ఎక్కువ వేగంగా వెనక్కి పరుగెడుతుంది. పరుగు దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడే 15 శాతానికి పైగా పెరుగుదల. ఇంజన్‌కు అందే గాలి కూడా అంతే పలచన కావడంతో 130 హార్స్‌పవర్‌లో మరో ఏడో వంతు దాకా తరుగు. శిక్షణ ఎగురుళ్లను ఎండ ముదరకముందే ముగించుకోవడంలో ఉన్న తెలివి ఈ అంకెల్లోనే ఉంది.

చెడ్డ విమానం మంచి గురువా?

టైగర్ మాత్ గురించి పైలట్లలో స్థిరపడిన మాట ఒకటుంది: దీన్ని ఎగరేయడం తేలిక, బాగా ఎగరేయడం కష్టం. ఐలరాన్లు కింది రెక్కలకే ఉండటంతో పక్కకు ఒరగడంలో బద్ధకం, చలి, ముందుకు సరిగా కనిపించని ముక్కు. సమర్థకుల వాదన ప్రకారం ఇవన్నీ శిష్యుడి తప్పులను దాచకుండా బయటపెట్టాయి, అదే సమయంలో ప్రాణం తీయకుండా క్షమించాయి. యుద్ధకాలంలో బ్రిటన్ దీని మీద సుమారు 12 గంటల పరీక్షా శిక్షణ పెట్టి, ఎవరు పైలట్‌గా పనికొస్తారు, ఎవరు నావిగేటర్‌గా మెరుగు అని వడపోసింది. తప్పులు బయటపడని విమానంతో అలాంటి వడపోత సాధ్యం కాదు.

అవతలి వాదనకూ బలం ఉంది. 1937లో వచ్చిన మైల్స్ మాజిస్టర్‌కు అదే జిప్సీ మేజర్ ఇంజన్. కానీ ఒంటి రెక్క, దిగేటప్పుడు రెక్క వెనక అంచున కిందికి వంచే ఫ్లాప్‌లు, బ్రేకులు ఉన్నాయి. శిష్యుడు రేపు నడపబోయేది ఫ్లాప్‌లు, బ్రేకులు ఉన్న ఒంటి రెక్క హరికేన్ అయినప్పుడు, వాటి అలవాటు మొదటి రోజు నుంచే కావాలి కదా అన్నది ఆ పక్షం మాట. కెనడా టైగర్ మాత్‌ను అంగీకరిస్తూనే పై కప్పు, బ్రేకులు, తోక చక్రం అమర్చుకుంది.

నాకు కనిపించేదేమిటంటే, ఆ లోపాలను ఎవరూ పాఠాలుగా రూపొందించలేదు. చవక, తేలిక, మరమ్మతు అనే మూడు అవసరాల వెంట అవి వచ్చాయి. వాటిలోని బోధనా గుణాన్ని గురువులు తర్వాత కనిపెట్టారు. అయినా ఆ గుణం ఉత్తుత్తిది కాదు. విమానం చేయని పని పాదాలతో చేయక తప్పని శిష్యుడికి పాదాలు నేర్చాయి.

స్పిన్ దగ్గర తెగని పంచాయితీ

స్టాల్ అయిన విమానం ఒక పక్కకు ఒరిగి, గింగిరాలు తిరుగుతూ దిగడాన్ని స్పిన్ అంటారు. మొదట్లో టైగర్ మాత్ స్పిన్‌లోంచి సులువుగా బయటపడేది. 1940లో జర్మన్ దండయాత్ర భయంతో ఒక్కో శిక్షణ విమానానికి ఎనిమిది చిన్న బాంబులు తగిలించే పథకం వేశారు. ఇలాంటి అమరికలు, ఐలరాన్లకు చేర్చిన అదనపు బరువులు తోడయ్యాక స్పిన్ నుంచి తేరుకోవడం ఆలస్యమవుతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షల తర్వాత ఐలరాన్ బరువులు తీసేశారు, తోక ముందు ఒంటి మీద స్ట్రేక్‌లనే సన్నని బద్దీలు అమర్చారు.

రెండు మందులు ఒకేసారి ఇస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకే వివాదం మిగిలింది. బ్రిటన్‌లో విన్యాసాలకు స్ట్రేక్‌లు ఉండాలన్న పట్టు నిలవగా, ఇతర దేశాల్లో అవి లేని విమానాలు చాలాకాలం ఎగిరాయి. ఆధునికమని పేరున్న మాజిస్టర్ కూడా స్పిన్ ఇబ్బందులతో తోక భాగం మార్చుకోక తప్పలేదు కాబట్టి, దీన్ని బైప్లేన్ దోషంగా చూపడం కుదరదు.

వెనక సీటులో మనిషి లేని మాత్

మన దేశంలో దీని స్థానాన్ని వి.ఎం. ఘాటగే ఆధ్వర్యంలో రూపొంది 1951లో తొలిసారి ఎగిరిన హెచ్‌టి–2 తీసుకుంది. అది లోహపు ఒంటి రెక్క విమానం. అయితే టైగర్ మాత్ కుటుంబంలో ఒక శాఖ అంతకు చాలా ముందే వేరే దారి పట్టింది. విమాన విధ్వంసక ఫిరంగులు కాల్చేవారికి సాధన కోసం నిజంగా ఎగిరే లక్ష్యం కావాలి. 1935లో డి.హెచ్.82బి అనే రేడియో నియంత్రిత రకాన్ని తయారుచేసి క్వీన్ బీ, అంటే రాణి తేనెటీగ అన్నారు. సముద్రంలో పడినా తేలడానికి ఒళ్లు ఉక్కు బదులు చెక్కతో కట్టారు. దాన్ని చూసి స్ఫూర్తి పొందిన అమెరికా నౌకాదళం తన మనిషి లేని విమానాలకు మగ తేనెటీగ అనే అర్థంలో డ్రోన్ అని పేరు పెట్టిందన్నది ప్రచారంలో ఉన్న వివరణ. నేల మీది ఉద్యోగి టెలిఫోన్‌కు ఉండేలాంటి డయల్ తిప్పితే విమానం ఎడమకో కుడికో తిరిగేది. పరీక్షలప్పుడు పైలట్ కూర్చునేందుకు ముందు సీటును అలాగే ఉంచారు. శిష్యుడు కూర్చోవలసిన వెనక కాక్‌పిట్‌లో మాత్రం రేడియో పరికరాలు బిగించారు.